మంచి చుట్టకు గుర్తు ధర కాదు.. ఆకు!
లంక పొగాకు ఎంపికలో మెలకువలు - అడ్డపొగతో అంగిటికి ముప్పు

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే, చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. చుట్ట మన పల్లె బతుకులో ఎంతగా కలిసిపోయిందో చెప్పడానికి ఈ సామెత ఒక్కటి చాలు. రచ్చబండ దగ్గర పంచాయితీ అయినా, కళ్లంలో రాత్రి కాపలా అయినా, పెద్దల చేతిలో చుట్ట వెలగవలసిందే. తర్వాత బీడీ వచ్చింది, సిగరెట్టు వచ్చింది. కుర్రకారు అటు తిరిగారు. చుట్ట మాత్రం వయసు మళ్లినవారి దగ్గర మిగిలింది.

ఆ మిగిలినవారి బాధ ఒకటే. కొట్లో కట్ట కొంటే సగం చుట్టలు అంటుకోవు. అంటుకున్నవి లాగేలోగా ఆరిపోతాయి. కొన్ని గొంతు పట్టేస్తాయి. ఎక్కువ ధర పెడితే మంచివి దొరుకుతాయనుకుని రంగు కాగితం చుట్టిన కట్ట కొంటారు. అదీ అంతే. నిజానికి చుట్ట మంచీ చెడ్డా కట్ట మీది బొమ్మలో లేదు, ధరలోనూ లేదు. ఆకులో ఉంది. ఆకు సంగతి తెలిసినవాడు తక్కువ ఖర్చుతోనే మంచి చుట్ట సంపాదించుకోగలడు. తెలియనివాడు ఎంత పెట్టినా మోసపోతాడు.

లంకల నుంచి లండన్ దాకా

మన గోదావరి లంకల పొగాకుకు ఒకప్పుడు సముద్రాల అవతల కూడా పేరుండేది. తెల్లదొరలు మన చుట్టను 'చెరూట్' అన్నారు. ఆ మాట తమిళుల 'చురుట్టు' నుంచి పుట్టింది. లంక పొగాకుతో చేసిన చుట్టకు మాత్రం 'లుంకా' అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నారు. మన దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాయో చెప్పే 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు 1886లో అచ్చయింది. ఆ మాట అందులోకి ఎక్కింది. గోదావరి డెల్టాలోని లంకల్లో పండిన పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని అర్థం కూడా ఇచ్చారు.

అపరాధ పరిశోధనకు మారుపేరైన షెర్లాక్ హోమ్స్‌కూ మన లంక చుట్ట తెలుసు. కానన్ డాయిల్ రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవల 1890లో వచ్చింది. నేరం జరిగిన చోట రాలిన బూడిద చూసి ఏ పొగాకుదో చెప్పగలనంటూ హోమ్స్ అందులో గొప్పలు పోతాడు. అప్పుడు అతని నోట ఈ 'లుంకా' పేరే వస్తుంది. ఆ బూడిద వెనుక ఉన్నది గోదావరి ఒండ్రు అన్న సంగతి ఆ నవల చదివిన దొరలలో ఎందరికి తెలుసో! కాకినాడ రేవు నుంచి పొగాకు ఓడలెక్కి బర్మాకు కూడా వెళ్లేది. అక్కడి చుట్టల తయారీకి అది అక్కరకొచ్చేది.

ఒండ్రు మట్టి బలం

లంక అంటే నది పాయల మధ్య తేలిన దిబ్బ. వర్షాకాలంలో గోదావరి పొంగి లంకలను ముంచెత్తుతుంది. 1986 ఆగస్టులో వచ్చిన వరద వంటిదైతే ఊళ్లనే ఊడ్చుకుపోతుంది. అయితే వరద పోతూ పోతూ కొత్త ఒండ్రు పరచిపోతుంది. ఆ ఒండ్రు మీద, నీరు తీశాక నాటిన పొగాకు మొక్క బలంగా పెరుగుతుంది. ఆకు దళసరిగా, జిగటగా, ఘాటుగా వస్తుంది. ఉభయ గోదావరి జిల్లాల్లోనూ, ఎగువన ఖమ్మం జిల్లా గోదావరి తీరంలోనూ ఈ రకం పండుతూ వచ్చింది.

ఇక్కడ ఒక కిటుకుంది. పొగాకుకు ఉప్పు పనికిరాదు. నేలలో గాని, తోడిపోసే నీటిలో గాని ఉప్పు ఎక్కువైతే దానిలోని క్లోరైడు ఆకులోకి ఎక్కుతుంది. అలాంటి ఆకు పైకి ఎంత బాగున్నా నిప్పు నిలవదు. చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంటుంది. పొటాష్ కోసం మ్యూరియేట్ వేసినా ఇదే తంటా. అందుకే పొగాకుకు సల్ఫేట్ రూపంలో ఉన్న పొటాష్ వేయమని శాస్త్రజ్ఞులు చెబుతారు. లంకలకు ఏటా మంచినీటి వరద తగులుతుంది కనుక ఉప్పు కడుక్కుపోతుంది. లంక ఆకు నిప్పు బాగా పట్టడానికి ఇదొక కారణం. సముద్రం దాపున ఉప్పునేలల్లో పండిన ఆకును లంక ఆకు పేరుతో అంటగడితే, అగ్గిపుల్ల గీయగానే గుట్టు బయటపడుతుంది.

పొగాకు పంట మీద పరిశోధనల కోసం 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడింది. వర్జీనియాతో పాటు చుట్ట పొగాకు రకాల మీద కూడా అక్కడ కృషి జరిగింది.

కోత తర్వాతే అసలు పని

పచ్చి ఆకు కోసి ఎండబెట్టినంత మాత్రాన చుట్టకు పనికిరాదు. సిగరెట్టుకు వాడే వర్జీనియా ఆకును బ్యారన్లలో వేడి పెట్టి పసుపు రంగు వచ్చేలా కాలుస్తారు. చుట్ట ఆకు తీరు వేరు. గాలి ఆడే చోట వేలాడదీసి నిదానంగా ఆరనిస్తారు. పచ్చదనం పోయి గోధుమ రంగు తిరుగుతుంది. ఆ తర్వాత ఆకును మండె వేస్తారు. అంటే కుప్పగా పేర్చి అదిమిపెడతారు. లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి ఆకు మాగుతుంది. పచ్చివాసన, గొంతు గీసే గుణం తగ్గుతాయి. వేడి మరీ ఎక్కితే ఆకు మాడిపోతుంది. కాబట్టి మధ్యమధ్య కుప్ప విప్పి, పై ఆకు లోపలికి, లోపలి ఆకు పైకి తిప్పి మళ్లీ పేరుస్తారు.

ఈ పనికి నెలలు పడుతుంది. వ్యాపారికి తొందర ఎక్కువైనప్పుడు కొరత పడేది ఇక్కడే. సగం మాగిన ఆకు చుట్టగా మారి సంతకెక్కుతుంది. కొన్నవాడు దగ్గుతాడు.

కొనేటప్పుడు ఇవి చూడండి

చుట్ట కొనేవారు ముందు రంగు చూడాలి. ముదురు గోధుమ రంగు ఆకు అంతటా ఒకే తీరుగా ఉండాలి. ఎక్కడైనా పచ్చ ఛాయ కనిపిస్తే అది మాగని ఆకు. రెండోది వాసన. మాగిన ఆకు వాసన కమ్మగా, కాస్త తియ్యగా ఉంటుంది. ముక్క వాసన, తడి గోనెసంచి వాసన వేస్తే బూజు పట్టిందని అర్థం. అది ఎంత చవకైనా వద్దు.

మూడోది వేళ్లతో పరీక్ష. చుట్టను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నొక్కి చూడాలి. కొద్దిగా లొంగి మళ్లీ పైకి రావాలి. ఒకచోట రాయిలా గట్టిగా తగిలితే లోపల ఈనె ముక్క గాని, ఉండ కట్టిన ఆకు గాని ఉంటుంది. అక్కడ పొగ ఆడదు. మరోచోట బోలుగా తగిలితే అక్కడ గబగబా కాలిపోతుంది. పెళపెళలాడితే ఆకు మరీ ఎండిపోయింది. చేతికి చెమ్మ తగిలితే తూకానికి నీళ్లు చల్లారేమో అనుమానించాలి.

నాలుగోది పురుగు. పై ఆకు మీద గుండుసూదితో పొడిచినట్లు సన్నటి రంధ్రాలుంటే, దులిపితే పిండిలా రాలితే, లోపల పొగాకు పురుగు చేరింది. ఆ ఒక్క చుట్టే కాదు, ఆ కట్టంతా వదిలేయాలి. ఇంట్లో ఉన్న మంచి చుట్టలకు కూడా ఆ పురుగు అంటుకుంటుంది.

అయిదోది లోపలి సరుకు. కొందరు పైన మాత్రం మంచి ఆకు చుట్టి, లోపల నుసి, ఈనెలు, ఊడ్చిన తుక్కు కూరుతారు. కట్ట కొనే ముందు ఒక చుట్ట విడిగా కొని విప్పి చూడడం మంచిది. లోపల పొడవాటి ఆకు ముక్కలు కనిపిస్తే సరైన సరుకు. పొడి రాలితే దండగ. ఒక్క చుట్ట పాడైతే పోయిందేముంది, కట్ట ధర మిగులుతుంది.

చివరిది నిప్పు పరీక్ష. వెలిగించాక అంచు సమంగా ఎర్రబడాలి. ఒక పక్కే కాలిపోతూ ఉంటే చుట్టడంలో లోపం. నుసి తెల్లగా, బూడిద రంగులో, కొంతసేపు రాలకుండా నిలిస్తే ఆకు మంచిది. నల్లగా పొరలు పొరలుగా రాలితే ఆకు సరిగా కాలడం లేదన్నమాట.

చవకైన దారి

కట్టల్లో అమ్మే చుట్ట ధరలో ఆకు ఖరీదు ఒక భాగం మాత్రమే. చుట్టిన కూలీ, కాగితం, దళారి వాటా, కొట్టువాడి లాభం, పన్ను - అన్నీ అందులో ఉంటాయి. ఆకు కొని తామే చుట్టుకునేవారికి ఈ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. పూర్వం మన తాతలు చేసింది ఇదే. సంతలో పొగాకు కాడ కొనుక్కొచ్చి, అరుగు మీద కూచుని చుట్టుకునేవారు.

లెక్క వేసుకోవడం కష్టం కాదు. పొగాకు ఆకు తూకంలో సుమారు నాలుగో వంతు ఈనెకే పోతుంది. కిలో ఆకు కొంటే పనికొచ్చేది ముప్పావు కిలో అనుకోవచ్చు. అయిదు గ్రాముల తూకంలో చుట్ట చుట్టుకుంటే నూటయాభై వస్తాయి. కనుక కిలో ఆకు ధరను నూటయాభైతో భాగిస్తే ఒక చుట్టకు పడే ఖర్చు తెలుస్తుంది. ఆ అంకెను కొట్లో చుట్ట ధర పక్కన పెట్టి చూసుకుంటే ఏది లాభమో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

చుట్టే పద్ధతి కూడా పెద్ద విద్య కాదు. ముందురోజు రాత్రి ఆకు మీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. తెల్లవారేసరికి ఆకు మెత్తబడుతుంది. మధ్య ఈనె ఒలిచేయాలి. చిరుగులున్న ఆకులను నిలువుగా మడిచి లోపలికి పెట్టాలి. నలిపి ఉండ చేయకూడదు. నిలువు మడతల సందుల్లోంచే పొగ ఆడుతుంది. చిరుగు లేని పలుచటి ఆకును పై ఆకుగా ఏటవాలుగా చుట్టుకుంటూ రావాలి. పీట మీద పెట్టి అరచేత్తో దొర్లిస్తే గుండ్రంగా వస్తుంది. చివర కాస్త గంజి రాసి అంటించవచ్చు, లేదా దారం కట్టవచ్చు. రెండు మూడు రోజులు నీడన ఆరనిచ్చాకే వెలిగించాలి. తడి చుట్ట చేదుగా ఉంటుంది.

ఇంకో మెలకువ - కోతల తర్వాత కొత్త ఆకు సంతకు దిగే రోజుల్లో ఏడాదికి సరిపడా ఒకేసారి కొనుక్కోవడం. అప్పుడు ఏరుకోవడానికి సరుకు ఎక్కువగా ఉంటుంది. అయితే కొన్న వెంటనే వాడకూడదు. కొన్ని నెలలు ఇంట్లో మాగనిస్తే ఘాటు సర్దుకుంటుంది.

దాచుకునే తీరు

ఎంత మంచి ఆకైనా దాచడం తెలియకపోతే వానాకాలం దాటదు. పొగాకు చుట్టుపక్కల వాసనలను పీల్చుకుంటుంది. కిరోసిన్ డబ్బా పక్కన, ఎండుచేపల బుట్ట దగ్గర పెడితే ఆ వాసన చుట్టకు పడుతుంది. మట్టి కుండలో పెట్టి, గుడ్డ వాసెన కట్టి, నేల చెమ్మ తగలకుండా అటక మీద ఉంచడం మేలు. ముసురు పట్టిన రోజుల్లో అప్పుడప్పుడు తీసి చూసుకోవాలి. బూజు జాడ కనిపిస్తే పాడైనవి ఏరి పారేసి, మిగిలినవి లేత ఎండలో కాసేపు ఆరబెట్టాలి. నడినెత్తి ఎండలో పెడితే పగిలిపోతాయి. పసిపిల్లల చేతికి అందకుండా ఉంచడం మాత్రం అన్నిటికంటే ముఖ్యం. పొగాకు కొద్దిగా మింగినా వాళ్లకు విషమే.

చుట్టేవారి గోడు

ఇంత మంచి ఆకు పండించే రైతు గాని, దాన్ని చుట్టే మనిషి గాని బాగుపడిన దాఖలాలు తక్కువ. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. దాని వేలం కేంద్రాలు ప్రధానంగా వర్జీనియా పొగాకు కోసం పుట్టినవి. లంక ఆకు రైతు వ్యాపారి చెప్పిన ధరకే తలొగ్గవలసి వచ్చింది. ఏటికేడు గోదావరి ఒడ్డు కోసుకుపోయి లంక భూములు నదిలో కలిసిపోవడం మరో దెబ్బ. మిగిలిన నేలలో అరటి, కూరగాయలు వేసుకుంటున్నవారు ఎందరో.

చుట్టలు చుట్టేవారిది ఇంకో కథ. బీడీ, చుట్ట కార్మికుల పని పరిస్థితుల కోసం 1966లో చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆ నిధి మాత్రం బీడీ కార్మికులకే పరిమితమైంది. బీడీ చుట్టే చేతికి గుర్తింపు కార్డు దక్కితే, చుట్ట చుట్టే చేతికి దక్కలేదు. ఇంటి వసారాలో కూచుని పొద్దస్తమానం పొగాకు దుమ్ములో పనిచేసే మనిషికి దగ్గు, తలనొప్పి మామూలే. కొడుకులు ఆ పీట మీద కూచోవడానికి ఒప్పుకోవడం లేదంటే తప్పు పట్టగలమా? చేయి తిరిగినవారు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే, మంచి చుట్ట దొరకడం లేదన్న మాట పుట్టడంలో వింత లేదు.

అందుకే మీ చుట్టుపక్కల ఇంటి దగ్గర చుట్టి అమ్మేవారు ఎవరైనా ఉంటే నేరుగా వారి దగ్గరే కొనడం ఇద్దరికీ లాభం. కొనేవారికి ఆకు కళ్లెదుట కనిపిస్తుంది. చుట్టేవారికి దళారి వాటా మిగులుతుంది.

అడ్డపొగ - అంగిట్లో నిప్పు

మంచి ఆకు, మంచి చేయి, తక్కువ ధర - మూడూ కుదిరినా ఒక సంగతి మిగిలే ఉంటుంది. చుట్ట ఎంత మంచిదైనా ఒంటికి మంచిది కాదు.

'నేను పొగ మింగను, నోట్లో పెట్టి వదిలేస్తాను, నాకేం కాదు' అని చాలామంది ధీమాగా ఉంటారు. అది పొరపాటు. గాలికి ఆరిన పొగాకు పొగకు క్షారగుణం ఉంటుంది. దానిలోని నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలోకి ఎక్కుతుంది. ఊపిరితిత్తుల దాకా పోనక్కరలేదు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్, అన్నవాహిక క్యాన్సర్ చుట్ట తాగేవారికీ వస్తాయి.

అందులోనూ అడ్డపొగ మరీ ప్రమాదం. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో ఎక్కువ. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ. గాలికి చుట్ట ఆరిపోదని, ఎక్కువసేపు వస్తుందని, చేతిలో పని ఆగదని అలవాటు చేసుకున్నారు. డబ్బు ఆదా అయ్యే మాట నిజమే కావచ్చు. ఆ ఆదాకు అంగిలి ధర చెల్లిస్తుంది. పొగతో పాటు నిప్పు సెగ కూడా నేరుగా అంగిటికి తగులుతుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. అడ్డపొగ అలవాటుకూ అంగిటి మీద వచ్చే మచ్చలకూ ఉన్న సంబంధాన్ని అది ప్రపంచానికి చాటింది. మన పల్లె ఆడవాళ్ల అంగిళ్లు వైద్య గ్రంథాలకెక్కాయి. అది గర్వించే పేరు కాదు.

చుట్ట అలవాటున్నవారు నెలకొకసారి అద్దంలో నోరు తెరిచి చూసుకోవాలి. అంగిటి మీద, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు గాని, ఎర్రటి మచ్చలు గాని, రెండు మూడు వారాలైనా మానని పుండు గాని, గడ్డ గాని కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. వెంటనే ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యునికి చూపించాలి. తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. మానుకోదలచినవారికి సలహా ఇవ్వడానికి 1800-112-356 నెంబరు ఉంది. దీనికి ఫోను ఖర్చు పడదు.

చట్టం మాట

2003లో వచ్చిన పొగాకు చట్టం చుట్టకూ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి చుట్ట అమ్మడం నేరం. పిల్లవాడి చేతికి డబ్బులిచ్చి తాతకు చుట్టలు తెమ్మని పంపడం మన పల్లెల్లో మామూలు. అది మానుకోవాలి. బడికి వంద గజాల లోపు పొగాకు సరుకు అమ్మకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం బస్సులు, ఆఫీసులు, ఆసుపత్రులు వంటి నలుగురు మసలే చోట్ల పొగ తాగితే జరిమానా పడుతుంది.

అయిదు గ్రాముల చుట్టలో లంక రైతు రెక్కల కష్టం ఉంది, చుట్టే మనిషి చేతి పనితనం ఉంది. తాగక మానలేని పెద్దలు తుక్కు చుట్టకు డబ్బు పోసుకోకుండా మంచి ఆకు ఏరుకోవచ్చు. రోజుకు నాలుగు తాగేవారు రెండుకు దిగితే ఖర్చు సగమవుతుంది. అడ్డపొగ తాగేవారు ఈ రోజే ఆపడం మేలు. ఇంకా మొదలుపెట్టని కుర్రకారుకు అన్నిటికంటే చవకైన చుట్ట ఒకటుంది - వెలిగించని చుట్ట.